కోతికి తగలని తుపాకి

పోయిన వారం ఒక కుర్రాడు మా దుకాణానికి వచ్చి, గల్లా పక్క బల్ల మీద పొడవాటి మూట ఒకటి పెట్టాడు. మూట చుట్టిన తువ్వాలను చూడగానే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది. ఎర్ర గళ్ల తువ్వాల. ఒక మూల బీడీ కాల్చిన చిల్లు. ఆ చిల్లు కాస్త పెద్దదైంది తప్ప ఇంకేమీ మారలేదు.

“మా పెద్దనాయినది,” అన్నాడు కుర్రాడు. “పోయిండు. పెద్దకర్మ గూడ అయిపోయింది.”

“ఎట్ల పోయిండు?”

“నిద్రలనే పోయిండు. పొద్దుగాల లేపితే లేవలే. మామూలు రోజులల్ల గూడ ఒగలు లేపితే లేసే మనిషి గాదు గద. అందుకే మాకు ఎరుకయ్యేటాలకు జర లేటయింది.”

తువ్వాల విప్పాడు. ఆకుపచ్చ రంగు పూసిన ఎయిర్ గన్ను. రంగు సగం రాలిపోయి, చెట్టు బెరడులా ఉంది.

“రెండు పనులున్నయన్నా. దీనికి దమ్ము తగ్గింది, వాషర్ పోయినట్టున్నది. ఇంకోటి, నేను కొట్టి చూస్తే ఎడమకు పోతాంది. గది జర సక్కగ చెయ్యి. పాపం మా పెద్దనాయిన, ఎన్ని తుపాకులుంటే గీ వంకరదాన్ని ఏరుకొచ్చిండో. దినాల కాడ గూడ ఊరంత గదే ముచ్చట. బతుకంత ఎడ్లను ఏరినోడు తుపాకి కాడ బోల్తా పడ్డడని నవ్విండ్రు.”

చెప్పి తనూ నవ్వాడు. నేను నవ్వలేదు. పక్కవాడు అరటితొక్క మీద జారితే చెయ్యి అందించే ముందు నవ్వేవాణ్ణి నేను. అది తెలిసిన మా సేటు గల్లా దగ్గర నుంచి తలెత్తి, ఒంట్లో బాగాలేదా అన్నట్టు చూశాడు.

“రేపు రా తమ్మీ, చేసి పెడత,” అన్నాను.

*

మాది హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఆటసామాన్ల దుకాణం. క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు, షటిల్ కాక్‌లు. ఇంకా జరగని పోటీలకు ముందే చేయించిన కప్పులు. ఒక మూల అద్దాల బీరువాలో నాలుగైదు ఎయిర్ గన్నులు. ఇవి మందుగుండు తుపాకులు కావు. గొట్టాన్ని మధ్యకు విరిచి మూస్తే లోపల గాలి బిగుసుకుంటుంది. ఆ గాలి చిన్న సీసపు గుండును తోస్తుంది. ఆ గుండును మేము ఛర్రా అంటాం. నేను ఈ దుకాణంలో చేరినప్పుడు నా చదువు ఏడో తరగతి. ఎనిమిదికి నేను వెళ్లలేదు, అది కూడా నన్ను పిలవలేదు.

ఆ కుర్రాడి పెద్దనాయిన కొన్నేళ్ల కిందట మొదటిసారి వచ్చిన రోజు గిరాకీ లేదు. పంచె, బనీను లాంటి చొక్కా, భుజాన ఈ తువ్వాలే. లోపలికి రాగానే దుకాణాన్ని కాదు, నన్ను చూశాడు. కాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి చూశాడు.

“తుపాకులున్నయా?”

వయసులో పెద్దవాళ్లెవరొచ్చినా నేను మామా అనే పిలుస్తాను. మామ అంటే ఎకసెక్కం ఆడే హక్కు దానంతటదే వస్తుంది. “ఉన్నయి మామా. ఏం కొడుతవు?”

“ఏం కొట్ట. కొట్టకుంట ఉండేది కావాలె.”

“అయితే ఇంటికి పో మామా. కొట్టకుంట ఉండేదానికి తుపాకి ఎందుకు?”

ఆయన నా దగ్గరికొచ్చి, పొడవబోయిన ఎద్దును చూసినట్టు చూశాడు. “అల్లుడా, నీ నోట్ల పండ్లెన్ని?”

“అన్ని ఉన్నయి.”

“ఉంచుకో,” అన్నాడు.

అప్పటి నుంచి నేను ఆయనకు అల్లుణ్ణి. మా ఇంటిదానికి ఈ సంగతి చెప్తే, ఆ మామ కట్నంగా ఏం పెట్టాడని అడిగింది. పండ్లు వదిలేశాడని చెప్పాను.

ఆయనది నెక్కొండ అవతల ఒక పల్లె. ఊరంతా మక్క, అంటే మొక్కజొన్న వేస్తారు. కంకి పాలు పోసుకునే వేళకు కోతులు దిగుతాయి. తిన్నా బాధ లేదు, ఒక కంకిలో రెండు గింజలు చూసి పారేసి ఇంకోటి విరుస్తాయి. పెళ్లివిందులో అన్నీ వడ్డించుకుని ఏదీ తినని పెద్దమనుషుల్లాగా. ఊరివాళ్లు టపాసులు కాల్చారు. మొదటి రోజు కోతులు పారిపోయాయి, రెండో రోజు వత్తి వెలిగించేదాకా ఆగి దూరం జరిగాయి. పులి బొమ్మ తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి ఒక తల్లికోతి పులి ఒళ్లో పిల్లకు పాలిస్తూ కనపడింది. కొండముచ్చును పట్టుకొచ్చేవాణ్ణి పిలిపించారు. ఆ కొండముచ్చుకు మక్కకంకులు ఎంత నచ్చాయంటే, తిరిగి పోవడానికి ఒప్పుకోలేదట.

ఇక మిగిలింది కొట్టడం. కానీ ఎవరు కొడతారు? మంగళవారం ఆంజనేయునికి కొబ్బరికాయ కొట్టిన చెయ్యి బుధవారం కోతి మీదికి లేవదు. చంపితే పాపం, ఊరుకుంటే పంట పోతుంది. అందుకని ఊరందరూ కలిసి ఒకే తుపాకి కొనాలని, దాన్ని ఏరుకొచ్చే పని ఆయనకివ్వాలని తీర్మానించారు.

ఆయనకే ఎందుకంటే, ఆయన ఎడ్ల బేరగాడు. ఎడ్ల అంగడికి పోయి, మంద మొత్తంలో మంచి ఎద్దు మీద చెయ్యి వేసేవాడు. ఊళ్లో ఏ కొట్టంలో కట్టేసిన జత అయినా ఆయన ఏరిందే. ట్రాక్టర్లు వచ్చాక ఏరడానికి ఎడ్లు లేకపోయాయి గానీ, ఏరే అలవాటు పోలేదు. మంచం కొనాలన్నా, సెల్‌ఫోన్ కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుపోయేవారు. పిల్లల సంబంధాలకు తీసుకుపోవడం మాత్రం మానేశారు. ఒక పెళ్లికొడుకును వాకిట్లో అటూ ఇటూ నడిచి చూపించమన్నాడట.

ఒక్కసారి కూడా అంగడి నుంచి ఉత్తచేతులతో ఇంటికి రాలేదని ఆయన గొప్ప. ఆ మాట మొదటి రోజే నాకు చెప్పాడు. ఆ సాయంత్రమే ఉత్తచేతులతో పోయాడు.

*

ఎద్దును ఎట్లా ఏరతారో నేను చూడలేదు. ఆయన తుపాకి ఏరడం చూశాక ఇక చూడాల్సిన పని లేకపోయింది.

బీరువాలోంచి మొదటి తుపాకి తీసి బల్ల మీద పెట్టాను. వెంటనే పట్టుకోలేదు. చుట్టూ తిరిగాడు. వెనక నుంచి ఒకసారి, ముందు నుంచి ఒకసారి చూశాడు. గొట్టం పొడుగునా అరచేత్తో నిమిరాడు. వాసన చూశాడు. “నోరు తెరువు,” అన్నాడు. నేను నోరు తెరిచాను. “నీది గాదు, దానిది.” గొట్టం విరిచి చూపించాను. వేలు పెట్టి లోపల తడిమి, నాలుక చప్పరించాడు.

“నడిపియ్యి.”

“ఎట్ల నడిపియ్యాలె మామా, దానికి కాళ్లు లేవు.”

“నీకున్నయి గద.”

తుపాకి భుజాన వేసుకుని క్యారమ్ బోర్డుల నుంచి కప్పుల బీరువా దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా నడిచాను. గుమ్మం దాటి రెండడుగులు వేశానో లేదో, చౌరస్తా దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ ఈల వేశాడు. ఏం జరుగుతుందో ఆయనకు వివరించడానికి నాకు ఏడో తరగతి చాలలేదు. సేటు లేచి వచ్చి సర్దిచెప్పాడు.

తిరిగొచ్చేసరికి ఈయన తుపాకి పిడిని వెలుగుకు పట్టి చూస్తున్నాడు. “ఇగో. సుడి.”

మంచి కట్టెతో చేసిన పిడి అది. ఒకచోట గీతలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఎడ్లకు నుదుటి మీదో మూపు మీదో వెంట్రుకలు సుడి తిరుగుతాయి. ఏ సుడి ఎక్కడుంటే అచ్చొస్తుందో, ఎక్కడుంటే ఇల్లు ముంచుతుందో బేరగాళ్లకు పెద్ద శాస్త్రం.

“భుజాన్ని తాకే కాడ సుడి. మోసెటోన్ని ముంచుతది. వద్దు.”

“మామా, అది కట్టె గీత.”

“ఎద్దుకు గూడ అది వెంట్రుకనే.”

రెండోదానికి పిడి ప్లాస్టిక్‌ది. సుడి లేదని చూపించాను. సుడే లేని జీవాన్ని నమ్మరాదన్నాడు. మూడోదాని మీద దూరాన్ని దగ్గర చేసి చూపించే దుర్భిణి ఉంది. అందులోంచి వీధిలోకి చూసి ఉలిక్కిపడి తల వెనక్కి తీశాడు. “ఇది వద్దు. నేను కోతిని పొమ్మంటాన. ఇది దగ్గరికి రమ్మంటాంది.”

అప్పుడు సేటు కల్పించుకున్నాడు. మా సేటు వ్యాపారంలో నిదానస్తుడు, ఏదైనా మొదటి నుంచి చెప్తాడు. “చూడు పెద్దమనిషీ. ముందు గుండు సైజు తేల్చుకోవాలె. రెండు తీర్లున్నయి. పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అని ఒకటి. చిన్న గుండు. వడిగ పోతది, నేరుగ పోతది. కాగితం మీద చుక్క కొట్టే పోటీలకు అదే వాడుతరు. పాయింట్ టూ టూ అని ఇంకోటి. పెద్దది, బరువుంటది. జర మెల్లగ పోతది, దూరం పోంగ కిందికి వంగుతది. తగిలితే మాత్రం గట్టిగ తగుల్తది. కానీ దానికి లైసెన్సు కావాలె. ఇప్పుడు నీకు చుక్క కొట్టుడా, జంతువును కొట్టుడా?”

“అంటే ఒకటి కోడె, ఒకటి ముదురెద్దు.”

“అట్లనే అనుకో.”

“కొట్టకుంట ఉండాలంటే ఏది మంచిది?”

సేటు గోడ మీది ఆంజనేయుడి పటం వైపు చూశాడు. తుపాకులు అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆయన్ని ఈ మాట అడిగినవాళ్లు లేరు.

నేనే అన్నాను: “కొట్టకుంట ఉండాలంటే నేరుగ పోయేదే కావాలె మామా. పక్కకు గురిపెడితే పక్కకే పోవాలె. ఇష్టమొచ్చినట్టు పోయేదయితే తప్పిపోయి తగుల్తది.”

“గదే నేనంటాన,” అన్నాడు, ఆ ముక్క తనే అన్నట్టు. “తప్పుడు గూడ సక్కగ తప్పాలె.”

ధర అడగడానికి భుజం మీది తువ్వాల తీసి సేటు చేతి మీద కప్పాడు. ఎడ్ల అంగట్లో బేరం నోటితో ఉండదు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని అడుగుతారు, వేళ్లు నొక్కి చెప్తారు. పక్కవాడికి తెలియకూడదని ఆ ఏర్పాటు. సేటుకు ఈ సంగతి తెలియదు. తువ్వాల కింద తన చూపుడువేలిని ఎవరో గట్టిగా పట్టుకునేసరికి కంగారుపడ్డాడు. “రేటు డబ్బా మీద రాసి ఉన్నది, చెయ్యి ఇడువు,” అన్నాడు.

“అందరికి కనవడేటట్టు రాసినంక బేరమేంది?” అని ఆయన తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు.

*

రెండోసారి వచ్చినప్పుడు కొట్టి చూస్తానన్నాడు. ఈసారి సుడి పిడికి కుడిపక్క ఉన్న తుపాకి ఒకటి నచ్చింది. పాయింట్ వన్ సెవెన్ సెవెన్, కొత్తది, దారం పట్టినట్టు నేరుగా పోతుంది.

మా దుకాణం వెనక చిన్న దొడ్డి ఉంది. చివర్న గోడ, గోడకు ఆనించి గోడెత్తు ఇసుక బస్తాలు. మరమ్మతు చేసిన తుపాకులను అక్కడే కొట్టి చూస్తాం. గోడ మీద ‘మరమ్మతులు చేయబడును’ అన్న పాత రేకు బోర్డు నిలబెట్టి ఉంటుంది. ఒకప్పుడు వీధి వైపు ఉండేది. అది చూసి జనం మిక్సీలు తెస్తున్నారని వెనక్కి మార్చాం.

సేటు టిఫిన్ విప్పే వేళకు ఆ గోడ మీదికి ఒక కోతి వస్తుంది. ఆ రోజూ వచ్చింది. ఈయన ముఖం వెలిగింది. కోతికి జానెడు పక్కగా, ఇసుక బస్తా అంచున గురిపెట్టాడు. కొట్టాడు. ఎక్కడ గురిపెట్టాడో సరిగ్గా అక్కడే తగిలింది, ఇసుక చిమ్మింది. మనిషికి చూపు మంచిదే.

కోతి ఇసుక వైపు చూసింది. ఈయన వైపు చూసింది. పక్కటెముకలు గోక్కుంది. తర్వాత దిగి వచ్చి, సేటు టిఫిన్‌లోంచి చపాతీ తీసుకుని మళ్లీ గోడెక్కింది.

“ఎరుకైంది దీనికి,” అన్నాడు ఆయన. “గొట్టం దాని మొకాన లేదు గద. పక్కకు పెడితే తమాషా అనుకుంటాంది.”

“మొకాన పెట్టి చూడు.”

పెట్టాడు. కోతి చపాతీ నమలడం ఆపింది. గొట్టం కన్ను తన కంటికి ఎదురుపడగానే లేచి, గోడ అవతలికి దూకింది.

“చూసినవా మామా, పోయింది. ఇంక కొట్టుడెందుకు?”

“ఇయ్యాల పోయింది. రేపు గూడ గొట్టం చూపించి ఊకుంటే ఎల్లుండికి వచ్చి గొట్టం మీదనే కూసుంటది. మా ఊరి కోతులు టపాసులను చదివినయి అల్లుడా. గురి మొకాన ఉండాలె, గుండు పోవాలె, చప్పుడు కావాలె, తగలొద్దు. గీ నాలుగు కలిసిన తుపాకి ఉంటే చెప్పు.”

“నాలుగోది కావాలంటే మూడు ఇడిచిపెట్టాలె.”

ఆయన ఆ తుపాకిని తిప్పి తిప్పి చూశాడు. నేరుగా పోయే తుపాకి, ఏ లోపమూ లేదు. “ఇది మంచిదే,” అన్నాడు, అన్నీ కుదిరిన సంబంధాన్ని వదులుకుంటున్నట్టు. “దీనితోని చంపుడొక్కటే అయితది.”

మళ్లీ ఉత్తచేతులే.

*

మూడోసారి వచ్చినప్పుడు ఆయన నాతో ఎకసెక్కం ఆడలేదు. స్టూలు మీద కూర్చుని తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. మంచినీళ్లిస్తే తాగాడు.

“నెక్కొండ స్టేషన్ల రైలు దిగేసరికి మా ఊరోళ్లు ఆటో కాడ కూసుంటరు. నా చేతులు చూస్తరు. ‘ఏది మామా తుపాకి, జేబుల పెట్టుకున్నవా’ అంటరు.”

“అననీ. నువ్వు గూడ మందిని అన్నోనివే గద.”

“అననిస్త. కానీ కంకి పాలు పోసుకుంటాంది. ఇయ్యాల నేను ఉత్తగ పోతే పోరగాళ్లు ఫోన్ల ఆర్డర్ పెడుతమంటాండ్రు. దెబ్బకు పడేటిది. వాళ్లకు కోతంటే కోతే. ఊర్లె ఒక్క కోతి సచ్చి పడ్డదంటే సూడు, ఆ పాపం అందరిది. ‘ఏరుకొచ్చే మొనగాడు ఏరలేకపోయిండు, అందుకే గిట్లయింది’ అన్న మాట ఒక్కటే నాది.”

నేను పోయి టీ తెచ్చాను. గ్లాసు అందుకుంటూ ఆయన బల్ల కిందికి చూశాడు.

“అదేంది?”

బల్ల కింద పాత సామాన్లలో ఆకుపచ్చ రంగు పూసిన తుపాకి ఒకటి పడి ఉంది.

“అది నీకు పనికిరాదు మామా. బుగ్గల తుపాకి. జాతరలల్ల బెలూన్ బుగ్గలు కట్టి కొట్టిపిస్తరు చూడు, అటువంటి ఒకాయనది. కొత్తది కొనుక్కొని దీన్ని మా మొకాన పడేసిపోయిండు. వాళ్లు దీని గురిని కావాలనే వంచి పెడుతరు. పైసలిచ్చి కొట్టెటోడు గెలవొద్దని.”

“ఎటు వంచిండ్రు?”

“ఎడమకు. గీడికెల్లి మా గోడకు కొడితే జానెడు ఎడమకు పోతది.”

“ఎప్పటికి జానెడేనా? ఓసారి బెత్తెడు, ఓసారి మూరెడు పోదా?”

“పోదు. ఎన్నిసార్లు కొట్టినా జానెడే. వంకరదే గానీ మాట మీద నిలబడ్డ వంకర.”

ఆయన టీ గ్లాసును నింపాదిగా కింద పెట్టాడు. లేచి బల్ల కింద దూరి తుపాకి బయటికి లాగాడు. చుట్టూ తిరగలేదు, వాసన చూడలేదు, నోరు తెరవమనలేదు.

“సుడి చూడవా?” అన్నాను.

“రంగేసినరు. రంగు కింద ఏమున్నదో కాపురం చేస్తెనే తెలుస్తది. నడు.”

దొడ్లోకి పోయాం. సేటు టిఫిన్ విప్పాడు. అంతవరకు ఆ కోతి కోసం సేటు ఎదురుచూడడం నేనెప్పుడూ చూడలేదు. కోతి వచ్చింది, ఇడ్లీ ముక్క ఒకటి లాక్కుని రేకు బోర్డుకు కుడి పక్కనే గోడ మీద కూర్చుంది. ఈయన తుపాకి ఎత్తి దాని ముఖానికి సూటిగా గురిపెట్టాడు. నోట్లోంచి ఒక తిట్టు కూడా వచ్చింది, మనసారా. కోతి లేవబోతుండగా మీట నొక్కాడు.

ఠంగ్ మంది. ‘మరమ్మతులు’ అన్న మాట నడుమ సొట్ట పడింది. చెవి పక్కన అంత చప్పుడు ఆ కోతి పుట్టాక విని ఉండదు. ఎటు పోయిందో మేం చూడలేదు. దాని చేతిలోని ఇడ్లీ ముక్క మాత్రం గోడ మీద మిగిలింది.

ఆయన తుపాకి చంకలో పెట్టుకుని, ఖాళీ గోడకు రెండు చేతులూ జోడించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“గిదే ఎద్దు.”

“వంకరది గద మామా.”

“అంగట్ల వంక లేదని చెప్పిన ఎద్దును నేనెన్నడు కొనలే. వంక దొరికేదాక చూస్త. దొరికితే పట్టుకొస్త. ఎడమకు గుంజే ఎద్దును ఎడమ పక్క కడితే సక్కగ దున్నుతది. నీ కొత్త తుపాకులకు వంకేందో ఇంకా తెల్వది. ఇది చెప్పుకున్నది.”

“కోతికి ఎడమ పక్క ఇంకో కోతి కూసుంటే?”

“ఎడమ కొసకు కూసున్నదాన్నే గురిపెట్టాలె,” అన్నాడు. ఆలోచించుకోవడానికి క్షణం కూడా తీసుకోలేదు.

దొడ్డి ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులు వేసుకుంటూ రెండుసార్లు తిరిగాడు. చేలో మంచెను కూడా గట్టుకు ఇంతే దూరంలో వేస్తానన్నాడు. అప్పుడు జానెడు జానెడుగానే ఉంటుంది. ఆ తర్వాత తువ్వాల తీసి నా చేతి మీద కప్పాడు. కింద నా వేళ్లు నొక్కాడు. నాకు ఆ లెక్క ఒక్క ముక్క తెలియదు. గంభీరంగా తల అడ్డంగా ఊపాను. ఇంకో వేలు నొక్కాడు. నిలువుగా ఊపాను. బేరం కుదిరింది. ఎంతకు కుదిరిందని సేటు అడిగితే, పక్కవాడికి చెప్పకూడదన్నాను.

పోయేముందు అడిగాను: “ఊర్లె చెప్తవా మామా, దీని వంక?”

“చెప్ప.”

“చెప్పకపోతే నీకు చూపు ఆనుతలేదంటరు. ఒక్క కోతి గూడ తగలకపాయె అని నవ్వుతరు.”

“నవ్వనీ. వంకను దున్నెటోనికి చెప్పాలె. చూసెటోనికెందుకు? ఊరందరికి తెలిసిందంటే పోరగాళ్లు పట్నం తీసుకపోయి సక్కగ చేయించుకొస్తరు. సక్కగయిన తెల్లారి ఏమైతదో నీకెరుకేనా?”

తుపాకిని తువ్వాలలో చుట్టుకుని, రైలుకు వేళైందని వెళ్లిపోయాడు. నెక్కొండ స్టేషన్లో ఆయన దిగడం చూడాలని నాకు చాలా అనిపించింది.

*

ఆ తర్వాత ఛర్రాల డబ్బా ఇచ్చే వంకతో ఒకసారి వాళ్ల ఊరికి వెళ్లాను. చేను గట్టు పొడుగునా కట్టెలు పాతి, నూనె డబ్బాలు వేలాడదీశాడు. మంచె మీద ఆయన, మంచె కింద ఆయన భార్య. ఆమె మక్కకంకులు కాలుస్తోంది.

కోతులు గట్టెక్కి వరుసగా కూర్చున్నాయి. ఆయన తుపాకి ఎత్తి ఎడమ కొసనున్నదాని ముఖాన గురిపెట్టి, దాని ఏడుతరాలను తిట్టాడు. ఠంగ్ మంది డబ్బా. కోతులు పోయాయి. ఆయన తుపాకి పక్కన పెట్టి చేతులు జోడించాడు.

“చూసినవా కొడుకా,” అంది ఆమె నాతో, కంకి చేతికిస్తూ. “ఇన్నొద్దుల నుంచి కొడుతాండు, ఒక్కదానికి తగల్లే. మీ దుకాణపోళ్లు ముసలోన్ని మంచిగ ముంచిండ్రు.”

నేను మంచె మీదికి చూశాను. ఆయన ఆకాశంలోకి చూస్తూ పళ్లు కుట్టుకుంటున్నాడు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో ఒక మంచి మాటను నేను మింగింది అప్పుడొక్కసారే, అది కూడా కంకి నోట్లో ఉంది కాబట్టి.

*

మర్నాడు కుర్రాడు వచ్చాడు. వాషర్ మార్చిన తుపాకిని దొడ్లోకి తీసుకుపోయి వాడి చేతికిచ్చాను. కొట్టి చూశాడు.

“దమ్మొచ్చిందన్నా. కానీ ఎడమకే పోతాంది. సక్కగ చేయమంటి గద.”

“ఇప్పుడు మీ చేను కావలి ఎవలది?”

“నాదే. పెద్దమ్మ నాకు అప్పజెప్పింది. కోతులు మళ్ల దిగినయి.”

“మీ పెద్దనాయిన ఉన్నన్ని రోజులు పంట పోయిందా?”

ఆలోచించాడు. “పోలే.”

“కోతి సచ్చిందా?”

“సావలే. ఆయనకు తగిలితే గద.”

ఆ మాట వాడి నోట్లోంచి వచ్చాక, వాడి చెవుల్లోకి పోవడానికి కొంచెంసేపు పట్టింది. లోపల సేటు టిఫిన్ డబ్బా మూత చప్పుడైంది. గోడ మీదికి కోతి వచ్చి బోర్డుకు కుడి పక్కన కూర్చుంది. అప్పటిది కాదు, దాని మనవడో మనవరాలో అయి ఉంటుంది.

“దాని మొకానికే సక్కగ గురిపెట్టు,” అన్నాను.

“తగిలితే?”

“పెట్టు తమ్మీ. పెద్దనాయిన మీద ఒట్టు.”

పెట్టాడు. మీట నొక్కాడు. ఠంగ్ మంది. రేకు బోర్డు మీద పాత సొట్ట పక్కనే, వేలు కూడా దూరనంత దగ్గరగా కొత్త సొట్ట. గోడ మీద ఎవరూ లేరు.

వాడు బోర్డు దగ్గరికి పోయి రెండు సొట్టలనూ తడిమి చూశాడు. పాతది ఎవరిదో నేను చెప్పలేదు, వాడూ అడగలేదు. తిరిగొచ్చి తుపాకిని తువ్వాలలో చుట్టడం మొదలుపెట్టాడు. చిల్లున్న మూల లోపలికి పోయేటట్టు జాగ్రత్తగా మడిచాడు.

“అన్నా, ఆయన్ను చూసి ఊరంత నవ్విండ్రు. పోయి చెప్పాల్నా?”

“నాకేం తెలుసు తమ్మీ. నాకు చెప్పిన మాటే నీకు చెప్త. వంకను దున్నెటోనికి చెప్పాలె. చూసెటోనికెందుకు?”

వాడు మూటను చంకలో పెట్టుకుని గుమ్మం దాకా పోయి ఆగాడు.

“ఈసారి నన్ను చూసి నవ్వుతరన్నట్టు,” అన్నాడు, నవ్వుతూనే.

“నవ్వుతరు,” అన్నాను. “నేను గూడ వచ్చి నవ్విపోత.”